గాజు వెనక రుక్మిణక్క

ఆ వాసన టర్పెంటైనుది, నందూ. నేను పంపిన పటం పార్సిల్ విప్పగానే ముక్కు మూసుకున్నానని ఫోనులో చెప్పావు కదా, అదే. పూణే ఎండకు కొన్నాళ్ళు గోడమీద వేలాడితే పోతుందిలే. నాకైతే పోకుండా ఉంటేనే బాగుంటుంది. ఇవాళ కూడా సీసా మూత తీయగానే రుక్మిణక్క నా ఎదురుగా చాప మీద కూర్చుని, పాత వాయిల్ చీర ముక్కతో గాజుపలక తుడుస్తున్నట్టే అనిపించింది. నీ వెనకనుంచి తమ్ముడు అడిగింది కూడా విన్నాను. "అమ్మమ్మా, కృష్ణుడి కాలి దగ్గర రంగు వేయడం మర్చిపోయావా?" అని. మర్చిపోలేదు నాన్నా. ఆ గోరంత చోటు కావాలనే వదిలాను. అది ఎలా మొదలైందో తెలియాలంటే, మీరు చూడని ఒక మనిషి గురించి ముందు చెప్పాలి. ఫోనులో మొదలుపెడితే సగంలో మీకు ట్యూషన్ టైమ్ అయిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మను చదివి వినిపించమనండి.

తొంభైల మొదట్లో మాట. మా పేట చూలైలో మీ తాతయ్యకు పటాల అంగడి ఉండేది. పెళ్ళి ఫోటోలు, దేవుడి పటాలు, పోయినవాళ్ళ ఫోటోలు, ఏవి తెచ్చినా ఫ్రేము కట్టి ఇచ్చేవారు. మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి వస్తే, నేను వెళ్ళి అంగట్లో కూర్చునేదాన్ని. మీ అమ్మ అప్పుడు స్కూల్లో చదువుతోంది. అలాంటి ఒక మధ్యాహ్నం, ముదురు ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, యాభై దాటిన ఒకావిడ గాజు కొనడానికి వచ్చింది. పలకను రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు ఎత్తింది. దించింది. ఇంకోటి ఎత్తింది. ఉన్నవన్నీ ఇలాగే చూస్తుంటే నాకు విసుగొచ్చి, "గాజేగదక్కా, అన్నీ ఒకటే కదా" అన్నాను.

"దీంట్లో బుడగ ఉండాది చూడు మే. దేవుడి ముక్కుమీద మొటిమ మాదిరి కనబడతాది," అంది. తర్వాత గుమ్మం వైపు చూసి, "వాకిట్లో ముగ్గు ఎవురేసింది?" అని అడిగింది.

"నేనే."

"చెయ్యి యాడా నిలవలేదు. ఒక్క ఊపున పోయింది గీత. రేపు మజ్జానం మా ఇంటికి రా, పనుండాది."

పనేమిటో చెప్పలేదు. అడిగే వీలు లేకుండా గాజు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు ముప్పై ఏళ్ళు దాటాయి అప్పటికి. వంట బాగుందని అన్నవాళ్ళు ఉన్నారు, పిల్లను బాగా పెంచుతున్నావని అన్నవాళ్ళూ ఉన్నారు. నా చెయ్యి బాగుందని, అదీ వంటకు కాకుండా, మొదట అన్నది ఆవిడే. నేను ఆ రాత్రి ముగ్గు గురించే ఆలోచించుకుంటూ పడుకున్నాను.

ఆవిడే రుక్మిణక్క. ఇల్లు మా వీధి చివర మేడమీద ఒకే గది, పనేమో నాకు గాజుపటాలు వేయడం నేర్పడం. వాళ్ళ నాన్న చింతాద్రిపేటలో గాజుపటాలు వేసిన మనిషి. ఆ కాలంలో మన తెలుగు ఇళ్ళల్లో పూజగదికి అచ్చు పటాలు కావు, గాజు మీద చేత్తో వేసిన పటాలే పెట్టుకునేవాళ్ళు. అది ఎలా వేస్తారో మీకు చెప్పాలి. కాగితం మీదైతే ముందు వెనకున్న ఆకాశం వేసి, మనిషిని వేసి, చివర కంట్లో మెరుపు పెడతాం కదా. గాజు మీద అంతా తలకిందులు. మనం వేసేది పలక వెనకవైపు, జనం చూసేది ముందువైపు. అందుకని కంట్లో మెరుపు మొదట పెట్టాలి. తర్వాత నల్లగీత, తర్వాత ముత్యాలు, తర్వాత ముఖం, బట్ట, అన్నిటికన్నా చివర ఆకాశం. రంగు పడకుండా వదిలిన చోట్ల వెనక జిగినా కాగితం అతికిస్తే, ముందునుంచి నగలు తళతళమంటాయి. ఒకసారి ఆరిన తప్పును దిద్దడం కుదరదు. దిద్దితే ఆ దిద్దుడు తప్పు వెనకే ఉండిపోతుంది.

నేను సొంతంగా వేసిన మొదటి పటం వినాయకుడు. క్యాలెండరు చూసి ఎంతో శ్రద్ధగా వేశాను. తొండం ఎడమకు తిరిగి, చేతిలో లడ్డు. ఆరాక పలక తిప్పి చూస్తే తొండం కుడికి తిరిగి ఉంది. కాగితం బొమ్మను తిరగేసి గాజు కింద పెట్టుకోవాలన్న సంగతే నాకు తట్టలేదు. ఇంటికి తెస్తే మా అత్తగారు చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏమ్మా, ఈయన కుడితొండం సామి, వలంపురి కదా. మడి ఆచారం తప్పితే ఊరుకునే సామి కాదు. మనింట్లో నీ మొగుడు పళ్ళు తోమకనే కాఫీ అడుగుతాడు. ఈయన్ని పెట్టుకుని నేను యాడ వేగేది?"

రుక్మిణక్క వచ్చి, పటాన్ని తిప్పి వెనకవైపు చూపించింది. "ఇట్ల చూడండి అత్తా, ఎడమకే ఉండాది. మీరు గోడ లోపల కూర్చుని పూజ చేసుకుంటే సరిపోతాది."

మా అత్తగారు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. చివరికి ఆ వినాయకుడు మా వీధిలోని భజన మందిరం అయ్యవారింటికి వెళ్ళాడు. ఆయనకు మడి కొత్త కాదు కదా. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

రుక్మిణక్క తీరు వేరు, పిల్లలూ. వాళ్ళ నాన్న దగ్గర మందపాటి గీత నేర్చుకుంది. రంగు మాత్రం ఆయనది కాదు. వాళ్ళ అన్నలిద్దరూ గాజు వదిలేసి పెరంబూరులో రైలుపెట్టెలకు రంగు కొట్టే పనిలో చేరారు. చిన్నప్పుడు వాళ్ళకు క్యారియర్ తీసుకెళ్ళి, కొత్తగా రంగు కొట్టిన పెట్టెలు ఎండలో నిలబడి ఉండడం చూసేదట. ఆ ఇటుకలాంటి ఎరుపే ఆమె రాముడి సింహాసనం వెనక తెరకు, ఆమె అమ్మవారి చీరకు వచ్చింది. ఆ ఎరుపు చూసి ఇది రుక్మిణక్క పటం అని వీధిలో ఎవరైనా చెప్పేవాళ్ళు. ముఖాలకైతే ఆమె క్యాలెండర్ల వైపు చూసేదే కాదు. "ఆ దేవుళ్ళంతా ఒకే తల్లి కన్నట్టు ఉంటారు మే. ఒకరి మొగాన కూడా కూలిపని చేసిన గుర్తు లేదు," అనేది. ఆమె సీతకు మా వీధి మలర్ ముఖం. సాయంత్రాలు పూలు కట్టి అమ్మేది మలర్. కొంచెం ఎత్తుపళ్ళు కనబడకుండా పెదవులు బిగించి నవ్వేది, ఆ బిగింపుతో సహా పటంలో ఉంటుంది.

ఒకసారి నన్ను ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్ళింది. కంచు విగ్రహాల గదిలో అందరూ ముందు నిలబడి చూస్తుంటే, ఈవిడ గోడకూ విగ్రహానికీ మధ్య సందులోకి దూరి, వెనకవైపు చూస్తోంది. నన్నూ లాగింది. వాచ్‌మన్ వచ్చి, ఆడ ఏముందమ్మా, ముందుకొచ్చి చూడండి అని తమిళంలో అన్నాడు. "ముందర నువ్వు చూస్తా ఉండావు కదా నాయనా, ఎనక మేం చూస్తాంలే," అంది తాపీగా. పార్వతీదేవి వీపుమీద హారం ముడి, జడ కింద చిన్న పువ్వు, ఎవరూ చూడని చోట అంత పని. అక్కడ నిలబడి ఆమె అన్న మాట నాకు ఇంకా వినబడుతూనే ఉంటుంది. "చూడు సుశీలా, ఇది చేసినాయన ఎవురో కానీ, మన జాతే."

ఇక అసలు సంగతికొస్తాను. భజన మందిరంలో, సరిగ్గా నడిమధ్య, శ్రీరామ పట్టాభిషేకం గాజుపటం ఒకటి ఉండేది. మీ తాతయ్య పుట్టకముందునుంచీ ఉంది. ఒక ఏడాది శ్రీరామనవమికి ముందు సున్నం కొడుతుంటే నిచ్చెన తగిలి కిందపడి పగిలింది. మందిరం సెక్రటరీ గోవిందరాజులు గారు, బియ్యం మండీ యజమాని, ఆ ముక్కలను గోనెసంచిలో వేయించుకుని, పాత ఫ్రేము మోయించుకుని మా అంగడికి వచ్చారు. నేను, మీ తాతయ్య, రుక్మిణక్క ముగ్గురమూ ఉన్నాం ఆ పూట.

"ఫ్రేము మటుకు ఇదే ఉండనీ పా," అన్నారాయన మీ తాతయ్యతో. "లోపల అచ్చు పటం పెట్టేస్తాం. శివకాశిది, రొంబ బాగుండాది. పగిలే బాధ ఉండదు."

రుక్మిణక్క సంచి విప్పి, ముక్కలు ఒక్కొక్కటీ తీసి బల్లమీద పేర్చడం మొదలుపెట్టింది. భరతుడి గొడుగు, సీతమ్మ చెయ్యి, హనుమంతుడి తోక. "ఇది మా నాయన చెయ్యి," అంది.

"అట్లనా? ఇన్నేండ్లు నవమికి వస్తా ఉండావు, ఒక్క మాట చెప్పలేదే తల్లీ."

"పటం కింద పేరుంటే చెప్పేదానికి బాగుంటాది. పేరు లేనిదాన్ని మా నాయనదంటే ఎవురు నమ్ముతారు?" అని, ఇంకా ముక్కలు వెతుకుతూనే ఉంది. "కింద మూల ముక్క లేదే. కాళ్ళ కాడిది. చిన్నది."

"చిమ్మేసి ఉంటారులేమ్మా. దాంట్లో ఏముండాది?"

ఆమె చేతులు దులుపుకుని, "అచ్చు పటం వద్దు. నేనేసిస్తా, నవమికి," అంది. గోవిందరాజులు గారు ఇబ్బందిగా కదిలారు. మీరు ఇళ్ళల్లో పెట్టుకునే చిన్న పటాలు వేస్తారు, ఇది నిలువెత్తు పటం, మందిరం సంగతి, నలుగురూ చూసేది అన్నారు. రుక్మిణక్క గొంతు పెంచలేదు. "నవమి ముందు రోజు రెండూ పెట్టండి. నాది బాగలేకపోతే మీ శివకాశి రాముడే ఉండనీ. నేను మల్లీ అడగను," అంది. ఆయన సరేనన్నారు. ఆమె పటాలన్నీ అప్పటిదాకా ఇళ్ళలోపలే ఉన్నాయి. ఊరి మధ్య ఒక్కటైనా లేదు. ఆమెకు కావలసింది వాళ్ళ నాన్న పటం ఉన్న మేకుకే తన పటం వేలాడడం. ఆ కోరిక ఆమె ముఖంలో అంత స్పష్టంగా నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి పెద్ద గాజుపలక నేలమీద పరిచి ఉంది, కింద కాగితం మీద బొమ్మ ఉంది, ఆమె కుంచె పట్టుకుని వంగి కూర్చుంది. గీసిన కాస్త గీత బొమ్మను తప్పి బెత్తెడు పక్కకు పోయింది. గుడ్డతో తుడిచి, మళ్ళీ గీసింది. మళ్ళీ పక్కకే పోయింది. అప్పుడు కుంచె కింద పెట్టింది.

"గీత కనబడ్డం లేదు సుశీలా."

కంట్లో పొర. చాలా నెలలుగా ఉందట, ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాది ఆమె పటాల్లో ముత్యాలు పెద్దవవుతూ వస్తుంటే, నేను కొత్త తీరు పట్టిందనుకుని ముచ్చటపడ్డాను. నాకు చెప్పాలనిపించలేదా అక్కా అని అడిగితే, "చెప్తే నువ్వు డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోతావు," అంది. డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. చేయించుకుంటే కట్టు విప్పేలోపు నవమి వెళ్ళిపోతుంది.

"రంగులు తెలస్తా ఉండాయి. సన్నంది ఏదీ తెలీడం లేదు. గీత నువ్వెయ్యి. రంగు నేనేస్తా."

నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. "అక్కా, ముందర కనబడేది గీతే కదా. నీది ఎనక పడిపోతాది."

"మా నాయన ఆడోళ్ళకి ఎనకపనే, రంగు నింపేదే ఇచ్చినాడు మే. గీత అన్నలకి. అన్నలు రైలుపెట్టెలకి పోయి, ఆయన చెయ్యి వణికినాకనే నా చేతికి గీత కుంచె వచ్చింది. అప్పటికి నాకు నలబై ఏండ్లు. నువ్వు అంత కాలం ఎందుకు కాచుకోవాల?" అని కుంచెను నా చేతిలో పెట్టింది. "మందంగా వెయ్యి. నా రంగు కాస్త పక్కకి పోయినా, నీ గీత ఎనక దాక్కుంటాది."

అలా మొదలుపెట్టాం. ఈసారి కాగితాన్ని తిరగేసి పెట్టానో లేదో రోజూ ఒకసారి అడిగేది, వలంపురి రాముడు వద్దని ఎగతాళి చేసేది. వాళ్ళ నాన్న ముక్కలు పక్కన పెట్టుకుని వాటి గీతను వేలితో తడిమి, నాకు చెప్పేది. కన్ను ఇక్కడ లావు, చివర సన్నం. మోచెయ్యి దగ్గర ఆగకు. నేను మూడు పూటల పని ఒకే పూటలో చేయాలని తొందరపడితే, "రాముడు పద్నాలుగేండ్లు అడివిలో ఉండి వచ్చినాడు, నువ్వు రొండు గంటలు కూర్చోలేవా?" అనేది. నా వంతు అయ్యాక ఆమె పలకమీదికి వంగి, ముఖం దాదాపు గాజుకు ఆనించి, రంగు నింపేది. ఆ రైలుపెట్టె ఎరుపు తెర ఆమె ఒక్కతే వేసింది. చూపు మసకైనా ఆ ఎరుపును కలపడంలో ఆమె చెయ్యి తప్పలేదు.

హనుమంతుడి ముఖానికి ఎవరిని తీసుకోవాలా అని అడిగితే, అంగట్లో ఫ్రేముకు మేకులు కొడుతున్న మీ తాతయ్యను చూడమంది. పెదవుల మధ్య మేకులు పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, పనిలో తల మునిగి ఉన్నారాయన. పటం చూశాక ఆయన అద్దం ముందు చాలాసేపు నిలబడి, "నా మొగం అట్లా ఉండాదా?" అని అడిగారు. మా అత్తగారు, "ఉండాదిరా. భక్తే లేదు," అన్నారు. తర్వాత బజారులో మాత్రం అందరికీ ఆయనే చెప్పుకున్నారు.

రాముడి పాదపీఠం గీసేటప్పుడు, ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఈడ గోరంత వదిలిపెట్టు. గీత వద్దు, రంగు వద్దు." ఆమె పటాలన్నిటిలోనూ దేవుడి కాలి దగ్గర ఆ చోటు ఉండేది. జిగినా తళుక్కుమనేది అక్కడ. నగ కాదు, పువ్వు కాదు. ఎందుకక్కా అని అంతకుముందే అడిగి ఉన్నాను. ఈసారి గట్టిగా అడిగాను. "పటం మేకుకు ఎక్కనీ, చెప్తా," అంది.

నవమి ముందు రోజు సాయంత్రం మందిరంలో రెండు పటాలూ పక్కపక్కన నిలబెట్టారు. అచ్చు పటం నిజంగానే బాగుంది, నున్నగా, పెద్దగా. జనం దాన్నే మెచ్చుకుంటున్నారు. రుక్మిణక్క స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమెకు రెండు ఎర్ర మచ్చలు తప్ప ఏమీ కనబడవని నాకొక్కదానికే తెలుసు. అయ్యవారు హారతి ఇచ్చారు. పళ్ళెం ఎంత కదిలినా అచ్చు రాముడి మీద ట్యూబులైటు తెల్లగా నిలబడిపోయింది, ముఖమే కనబడలేదు. మన రాముడి కిరీటం, ముత్యాలు, కాలి దగ్గరి ఆ చిన్న చోటు, మంటతో పాటు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతూ వెళ్ళాయి. అచ్చు పటం ముందున్నవాళ్ళు ఇటు జరిగారు. ముందు వరసలో మలర్ పూలబుట్ట కింద పెట్టి, సీతమ్మను చూసి, చేత్తో నోరు మూసుకుంది. గోవిందరాజులు గారు అచ్చు పటాన్ని ఆఫీసు గదిలో పెట్టండి అన్నారు.

తర్వాత మైకు తీసుకుని, ఈ పటం చూలై పటాల అంగడి వారి ఉపయం, అంటే కానుక, అని చదవబోయారు. రుక్మిణక్క స్తంభం పట్టుకుని లేచింది. "అయ్యా, అంగడి పేరు ఫ్రేముకి చెప్పండి. పటం వేసింది సుశీల, రుక్మిణి. ముందరుండేది ఆ పాప, ఎనకుండేది నేను. అట్లే చెప్పండి." ఆయన అలాగే చెప్పారు. మైకులో నా పేరు మొదటిసారి విన్నాను, పిల్లలూ. ఎవరి భార్యగానో, ఎవరి కోడలిగానో కాదు. మీ అమ్మ జనం మధ్యలో లేచి నిలబడి, అది మా అమ్మే అంది.

ఆ రాత్రే ఆ చోటు సంగతి అడిగాను. "కండ్లు బాగుపడనీ," అంది. ఆపరేషన్ అయ్యాక, నల్లద్దాలు తీసే అనుమతి వచ్చిన రోజు, ఇంటికి కూడా పోకుండా ఆటో నేరుగా మందిరానికి తిప్పించింది. పటం ముందు నిలబడింది. తన పటాన్ని తను మొదటిసారి చూస్తోంది. ఎంతసేపు చూసిందో. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. చివరికి, "సీతమ్మకి ఒక మెట్టె తక్కువ పెట్టినావు," అంది. ఆమె తడికళ్ళకు కొంగు ఎత్తబోతే, తుడుచుకోవద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి నేను పట్టుకుని ఆపాను. అప్పుడు నా చెయ్యి తీసుకుని, గీత గీసిన వేళ్ళను తన కళ్ళకు ఆనించుకుంది. ఆ సమయంలో ఆ చోటు సంగతి ఇంకేం అడుగుతాను?

ఆ తర్వాత ఆమె ఏ పటానికీ గీత వేయలేదు. కళ్ళు బాగున్నా వేయలేదు. గీత నాదే, రంగు తనది. అలా చాలా పటాలు చేశాం. కొన్నాళ్ళకు చిత్తూరులో అన్నకూతురు దగ్గరికి వెళ్ళింది. ఆ చోటు సంగతి చెప్పకుండానే అక్కడే పోయింది. వార్త ఆలస్యంగా తెలిసింది నాకు. నా దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు ఇప్పుడు ముగ్గురు సొంతంగా పటాలు వేస్తున్నారు. ఒక్కరినీ వెనకపనితో మొదలుపెట్టించలేదు నేను. మొదటిరోజే గీత ఇచ్చాను. మందిరంలో పటం ఆ మేకుకే ఉంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను, మీ తాతయ్య ముఖం కూడా.

ఇక తమ్ముడి ప్రశ్న. ఆ చోటు దీపం అని అయ్యవారు అనేవారు. మరుపు అని మీ తాతయ్య అనేవారు. నేనూ నా ప్రతి పటంలోనూ వదులుతూనే ఉన్నాను, ఆమె నా మణికట్టు పట్టుకున్నట్టే ఉంటుంది అక్కడికి రాగానే. కానీ ఆ రోజు ఆమె గోనెసంచిలో అంతసేపు వెతికిన కింద మూల ముక్క గుర్తొస్తుంటుంది. అది దొరికి ఉంటే, దాని మీద రంగు ఉండేదా, ఉండేది కాదా? మీ నాన్న వదిలితే నువ్వు వదిలావా, లేక ఆయన వదలని చోటు నీ గుర్తుగా నువ్వు వదిలి ఉంచావా, రుక్మిణక్కా?